సాక్షి అమెరికాలో ఉంటే పాత సాక్ష్యం చెల్లుతుందా?

ప్రశ్న: మా పొలం గట్టు తగాదాలో అప్పట్లో కోర్టులో సాక్ష్యం చెప్పిన పెద్దాయన ఇప్పుడు కొడుకు దగ్గర డాలస్‌లో ఉంటున్నారు. అదే ప్రత్యర్థితో మళ్లీ కేసు నడుస్తోంది. ఆయన రాకపోతే పాత సాక్ష్యం పనికొస్తుందా?

జవాబు: దారి ఉందండీ, కానీ ఊళ్లో లేరంటే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 27వ సెక్షన్, అంటే పాత చట్టంలోని 33, ప్రకారం సాక్షి చనిపోయి ఉండాలి, లేదా ఆచూకీ దొరక్కపోవాలి, సాక్ష్యం చెప్పే స్థితిలో లేకపోవాలి, అవతలి పక్షమే ఆయన్ని రాకుండా చేసి ఉండాలి, లేదంటే రప్పించడానికి పట్టే ఖర్చు, ఆలస్యం మరీ ఎక్కువని కోర్టుకు అనిపించాలి. మీది ఈ చివరిదాని కిందికి వస్తుంది, చిక్కంతా ఇక్కడే: వీడియో కాన్ఫరెన్స్‌లో సాక్ష్యం తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2003లోనే ఒక క్రిమినల్ కేసులో చెప్పింది కాబట్టి, ఆయన ఆరోగ్యంగా ఉంటే జడ్జిగారు ముందు ఆ మాటే అడుగుతారు. మంచం పట్టారా, మతిమరుపు వచ్చిందా? అయితే డాక్టరు సర్టిఫికెట్ పెట్టండి.

ఇంకొకటి, అప్పటి తగాదా అంశం దాదాపు ఇదే అయ్యుండాలి, అవతలివాళ్లకి ఆయన్ని క్రాస్ చేసే, అంటే ఎదురు ప్రశ్నలు వేసే హక్కు, అవకాశం ఉండి ఉండాలి. వాళ్లు వాడుకోకుండా వదిలేసినా పర్వాలేదు. ముందు ఆ పాత వాంగ్మూలం సర్టిఫైడ్ కాపీకి అప్లై చేయండి.