బరువు లాగే పికప్‌కు ఏ పెట్రోల్ ఇంజను నమ్మదగినది?

ప్రశ్న: మేము టెక్సస్‌లో డల్లస్‌కు ఉత్తరాన ఉంటున్నాము. ఊరికి 45 మైళ్ళ దూరంలో కొంత భూమి కొని మేకలు పెంచుతున్నాము. చిన్న ట్రాక్టరును, ఎండుగడ్డి కట్టలను ట్రైలర్‌పై వేసుకుని వారానికొకసారి అక్కడికి వెళ్ళవలసి వస్తుంది. మొత్తం బరువు 9,000 పౌండ్ల వరకు ఉంటుంది. మిగిలిన రోజుల్లో అదే బండిలో పిల్లలను బడి దగ్గర దింపి ఆఫీసుకు వెళ్తాను. 2020–2022 మధ్య తయారైన ముప్పావు టన్ను తరగతి (అది పేరు మాత్రమే, బండి మోసే బరువు కాదు) పికప్ కొనాలనుకుంటున్నాను. డీజిల్ వద్దనుకున్నాము. గ్యాస్ ఇంజన్లలో పదేళ్ళు నమ్మకంగా పనిచేసేది ఏది?
— ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: మన ఊళ్ళలో గ్యాస్ బండి అంటే సిలిండరు అమర్చిన ఆటో గుర్తుకు వస్తుంది కనుక, అమెరికాలో గ్యాస్ అంటే పెట్రోలేనని మిగిలిన పాఠకుల కోసం ముందుగా చెబుతున్నాను.

డీజిల్ వద్దనుకోవడం మీ వాడకానికి సరైన నిర్ణయమే. ఈనాటి డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలి శుభ్రపడాలంటే బండి చాలాసేపు వేడిగా నడవాలి, రోజూ బడికీ ఆఫీసుకూ తిరిగే నాలుగైదు మైళ్ళ ప్రయాణాల్లో ఆ అవకాశం ఉండదు. పైగా టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజనులోకి నెట్టే పరికరం) లేని పెట్రోల్ ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది కనుక కొలరాడో కనుమలు ఎక్కేవారికి డీజిల్ అవసరపడవచ్చు గానీ, ఉత్తర టెక్సస్ చదును నేలపై 9,000 పౌండ్లు లాగడానికి మంచి పెట్రోల్ ఇంజను చాలు.

ఇక ఎంపిక విషయం. నా దృష్టిలో బరువు లాగే ఇంజనుకు హార్స్‌పవర్ అంకె కంటే నిర్మాణంలోని సరళత ముఖ్యం. పోత ఇనుప బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజను మొండెం), బ్లాకులోనే తిరిగే ఒకే క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిపించే ఇరుసు), వాల్వుల వెనుక నుంచి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఉండటం, ఇంధనం ఆదా చేయడానికి కొన్ని సిలిండర్లను నడకలోనే ఆపివేసే ఏర్పాటు లేకపోవడం అనే నాలుగు లక్షణాలు ఏ ఇంజనులో కలిసి ఉంటాయో దానిని మొదట చూడండి.

మీరు చెప్పిన సంవత్సరాల్లో ఈ నాలుగూ కలిసినది ఫోర్డ్ 7.3 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను). సూపర్ డ్యూటీ బండ్లలో 2020 మోడల్‌తో వచ్చిన ఈ ఇంజనును అక్కడివారు ముద్దుగా ‘గాడ్జిల్లా’ అంటారు. అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా తన పెద్ద పెట్రోల్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్టును సిలిండర్ హెడ్‌పై పెడుతూ వచ్చిన ఫోర్డ్, దీనిలో మళ్ళీ పాత పుష్‌రాడ్ పద్ధతికి, అంటే బ్లాకులోని క్యామ్‌షాఫ్ట్ కడ్డీలతో వాల్వులను తెరిచే పద్ధతికి తిరిగి వచ్చింది. అలా చేయడం వలన ఇంజను ఎత్తు, వెడల్పు తగ్గి, చుట్టూ చేయి పెట్టి పని చేయడానికి చోటు దొరికింది. క్యామ్‌షాఫ్టును తిప్పే పొడవాటి టైమింగ్ చైన్ల స్థానంలో పొట్టి చైన్ ఒక్కటే సరిపోయింది. 430 హార్స్‌పవర్, 475 పౌండ్-ఫుట్ టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది, మామూలు 87 ఆక్టేన్ పెట్రోలుతో నడుస్తుంది. ఇంత పెద్ద ఇంజనుకు మీ ట్రైలర్ లాగడంలో ఆయాసం ఉండదు, ఆయాసపడని ఇంజనే ఎక్కువ కాలం మన్నుతుంది. పెట్రోల్ మాత్రం బాగానే తాగుతుంది; ట్రైలర్ తగిలించినప్పుడు గ్యాలన్‌కు 10 మైళ్ళకు మించి ఆశించకండి. దీనిలోనూ లిఫ్టర్లు (క్యామ్‌షాఫ్టుపై ఆని వాల్వులను కదిలించే ముక్కలు), క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయిన ఉదంతాలు లేకపోలేదు కనుక, 5డబ్ల్యు-30 ఆయిల్‌ను కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చడం మంచిది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆ మూడేళ్ళూ సూపర్ డ్యూటీల్లోని ముప్పావు టన్ను బండి ఎఫ్-250తో మామూలుగా వచ్చినది 6.2 లీటర్ల ఇంజను, 7.3 అదనపు సొమ్ముతో కొనుక్కోవలసినది. అమ్మేవారి మాటపై ఆధారపడకుండా బండి గుర్తింపు సంఖ్యలో ఎనిమిదో అక్షరం చూడండి: ‘ఎన్’ ఉంటే 7.3, ‘6’ అంకె ఉంటే 6.2. ఆ 6.2 కూడా చెడ్డదేమీ కాదు. దానికి 7.3కు ఉన్న పది గేర్లకు బదులు ఆరు గేర్లే ఉంటాయి, టార్క్ 430 దగ్గర ఆగుతుంది, ధర తగ్గితే అదీ మీ బరువును మోస్తుంది.

షెవర్లే, జీఎంసీ బండ్లలోని 6.6 లీటర్ల ఇంజను (401 హార్స్‌పవర్, 464 పౌండ్-ఫుట్) కూడా ఇనుప బ్లాకుదే, సిలిండర్లను ఆపే ఏర్పాటు దానిలోనూ లేదు. అయితే అది పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్ముతుంది కనుక వాల్వుల వెనుక భాగాన్ని కడిగే పెట్రోల్ ఉండక, ఏళ్ళు గడిచేకొద్దీ అక్కడ మసి పేరుకునే అవకాశం ఉంది. అందుకే దానిని రెండో స్థానంలో పెడుతున్నాను. రామ్ కంపెనీ 2500 బండిలోని హెమీ అనే 6.4 లీటర్ల ఇంజను బలమైనదే, 410 హార్స్‌పవర్ ఇస్తుంది. కానీ తేలిక నడకలో నాలుగు సిలిండర్లను ఆపుతుంది, లిఫ్టర్ల రోలర్లు దెబ్బతిని క్యామ్‌షాఫ్టును అరగదీయడం ఈ ఇంజన్లలో మెకానిక్కులకు బాగా తెలిసిన సమస్య, పై రకమైన 89 ఆక్టేన్ పెట్రోల్ పోయమని కంపెనీయే సూచిస్తుంది. మీ అవసరానికి దానిని సూచించలేను.

ఏ బండి చూసినా డ్రైవరు తలుపు తెరిచిన చోట అంటించిన పసుపు రంగు కాగితంపై ఆ బండి మోయగల బరువు రాసి ఉంటుంది. ట్రైలర్ ముందు భాగం హిచ్‌పై (ట్రైలర్ తగిలించే కొక్కెంపై) మోపే బరువు, అంటే మొత్తంలో పది నుంచి పదిహేను శాతం, మనుషుల బరువుతో కలిపి ఆ అంకె దాటకూడదు.

ప్రశ్న: కట్టడాల పని చేసే ఒక సంస్థ తాను వాడిన పెట్రోల్ పికప్‌ను అమ్ముతున్నది. 60,000 మైళ్ళే తిరిగింది. కొనవచ్చా?
— ఒక పాఠకురాలు, జార్జియా

జవాబు: మైళ్ళతో పాటు ఇంజను నడిచిన గంటలు అడగండి, ఈ బండ్లలో డ్రైవరు ఎదుటి తెరపైనే అవి కనిపిస్తాయి. మైళ్ళను గంటలతో భాగించండి. 60,000 మైళ్ళకు 1,800 గంటలైతే సగటు వేగం గంటకు 33 మైళ్ళు, అది మామూలు వాడకమే. 4,000 గంటలు చూపిస్తే సగటు 15 మైళ్ళు మాత్రమే, అంటే ఏసీ వేసుకుని పని జరిగే చోట నిలబడే చాలా కాలం గడిపిందన్నమాట. నిలబడి నడిచే ఇంజనులో ఆయిల్ ఒత్తిడి తక్కువగా ఉంటుంది, క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగినప్పుడు చిమ్మే ఆయిలే ఆధారమైన లిఫ్టర్లకు అది సరిగా అందదు. మైళ్ళ మీటరుకు ఆ అరుగుదల కనబడదు.

చూడడానికి తెల్లవారి వెళ్ళి, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. టిక్కుటిక్కుమనే చప్పుడు వినిపించి వేడెక్కగానే మాయమైతే, పొగ బయటికి పోయే మానిఫోల్డు బోల్టు విరిగి ఉండవచ్చు. ఖర్చు ఉంటుంది, భయం లేదు, ధర తగ్గించమని అడగండి. వేడెక్కిన తరువాత కూడా చప్పుడు ఆగకపోతే ఆ బండి కొనకండి.