స్టాండప్ డిస్కులూ టేపులూ: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాస్టారూ, ఒక స్టాండప్ షో డీవీడీ చూస్తున్నాను. జోకు మొదట్లో కమెడియన్ కాలరు కోటు లోపల ఉంది. క్లోజప్ వచ్చేసరికి బయటికొచ్చింది. వెనక్కి జరిపి మళ్లీ చూశాను, నిజమే. అంటే అది ఒకే షో కాదా? నవ్వులు కూడా తర్వాత కలిపినవేనా? మోసపోయినట్టుంది.
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీరు చూసింది నిజమేనమ్మా, అది ఒకే షో కాకపోవచ్చు. వీడియో కోసం తీసేటప్పుడు చాలామంది ఒకే హాల్లో రెండు షోలు రికార్డు చేయిస్తారు. సాయంత్రం ఒకటి, రాత్రి ఒకటి, లేదంటే వరుసగా రెండు రోజులు. రెండింటికీ అవే బట్టలు వేసుకుంటారు. ఒకదాంట్లో మాట తడబడితే రెండోదాంట్లోంచి ఆ ముక్క తెచ్చి అతుకుతారు. బట్టలు అవే అయినా కాలరు మాట వినదు. చెమట, గ్లాసులో నీళ్ల మట్టం కూడా అంతే. అమెరికన్ కమెడియన్ క్రిస్ రాక్ అయితే 2008లో వచ్చిన ‘కిల్ ద మెసెంజర్’లో ఈ సంగతి దాచనే లేదు. లండన్, న్యూయార్క్, జొహానెస్‌బర్గ్ షోలను కలిపి కూర్చారు. ఒకే జోకు నడుస్తుండగానే ఊరూ మారిపోతుంది, ఒంటిమీది బట్టలూ మారిపోతాయి. మూడు ఊళ్లలో ఒకే మాటకి జనం నవ్వే తీరు పక్కపక్కనే వినిపిస్తుంది. నాకది చాలా ఇష్టం.

ఇక నవ్వుల సంగతి. స్టేజి కార్యక్రమాలకు ఎడిటింగ్ చేసినవాణ్ణి కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. కమెడియన్ చేతిలోని మైకు ఒక ట్రాకు. జనం నవ్వు కోసం హాల్లో విడిగా మైకులు పెడతారు, అవి వేరే ట్రాకులు. కాబట్టి నవ్వు పెంచడం, తగ్గించడం, ఇంకోచోటి నుంచి తెచ్చి వెయ్యడం అన్నీ సాధ్యమే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని వినండి. ఎడమ పక్క ఎవరో అందరికన్నా ఆలస్యంగా నవ్వుతుంటారు. షో మొదటినుంచీ ఆ గొంతు వినిపిస్తూ వచ్చి, ఒక జోకు దగ్గర మాయమై, మళ్లీ తర్వాతి జోకుకి వచ్చిందంటే అక్కడ అతుకు ఉందని అనుమానించొచ్చు. నవ్వు సగంలో ఉండగా గది ధ్వని ఒక్కసారిగా మారినా అంతే.

తడబడిన మాట బాగుచేసుకోవడాన్ని నేను తప్పుపట్టను. షో సాగినట్టుంది కదా అని నవ్వులు కత్తిరించడాన్ని మాత్రం అస్సలు ఒప్పుకోను. మంచి కమెడియన్ నవ్వు పూర్తిగా ఆగేదాకా చూడడు. అది పైకెక్కి, దిగడం మొదలయ్యాక తర్వాతి మాట వదులుతాడు. ఆ రెండు సెకన్లూ తీసేస్తే పోయేది జనం చప్పుడు ఒక్కటే కాదు, అతను ఆగిన ఆగడం కూడా పోతుంది. ఆ ఆగడంలోనే పనితనం ఉంది.

షాట్లూ అంతే. అమెరికన్ కమెడియన్ రిచర్డ్ ప్రయర్ 1978 డిసెంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో చేసిన షో 1979లో ‘లైవ్ ఇన్ కన్సర్ట్’గా థియేటర్లలోకి వచ్చింది. అందులో తనకి గుండెపోటు వచ్చిన ఘట్టం ఉంటుంది. గుండె అతన్ని దబాయిస్తుంటే, బతిమాలుకుంటూ మోకాళ్లమీదికి, అక్కణ్ణుంచి నేలమీదికి కూలిపోతాడు. ఒళ్లంతా నటిస్తున్నప్పుడు కెమెరా ముఖం మీదే ఉంటే సగం జోకు పోతుంది. నవ్వుతున్న జనాన్ని మాటిమాటికీ చూపించే దర్శకులకి నేను ఇదే ముందు చూడమని చెబుతాను.

ప్రశ్న: విదేశంలో ఉండే మా అన్నయ్య ఒక పాత స్టాండప్ డిస్కు పంపాడు. వెనక ‘రీజియన్ 2, పాల్’ అని ఉంది. నా ప్లేయర్లో ఆడలేదు. కంప్యూటర్లో ఆడుతోంది కానీ, స్ట్రీమింగ్‌లో చూసినదానికన్నా గబగబా నడుస్తున్నట్టుంది. గొంతు కూడా సన్నగా ఉంది. నా భ్రమా?
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: భ్రమ కాదండీ. రీజియన్ అంటే ఆ డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకె, అది కలవకపోతే ప్లేయరు ఆడించదు. వేగం సంగతి వేరు. ఎడ్డీ మర్ఫీ 1987 నాటి ‘రా’ లాగా కొన్ని షోలను సినిమాగా, ఫిల్ము మీద తీశారు. ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు. పాల్ అనే టీవీ పద్ధతిలో 25. అందుకని పాల్ డిస్కు మీదికి ఎక్కించేటప్పుడు మామూలుగా బొమ్మనే కొంచెం వేగంగా తిప్పేస్తారు. 90 నిమిషాల షో దాదాపు మూడున్నర నిమిషాలు తగ్గుతుంది, సరిచేయకపోతే గొంతు శ్రుతి కూడా పెరుగుతుంది. యాక్షన్ సినిమాలో ఎవరూ పట్టించుకోరు. స్టాండప్‌లో ప్రతి విరామమూ నాలుగు శాతం కురచవుతుంది, మీ చెవి దాన్ని పట్టేసింది. టీవీ కోసం వీడియో కెమెరాలతో తీసిన షోలకి సాధారణంగా ఈ బాధ ఉండదు. ఒక జాగ్రత్త: కంప్యూటర్ డ్రైవులో రీజియన్‌ను మామూలుగా అయిదుసార్లే మార్చుకోనిస్తారు. ఆ తర్వాత చివరిదే ఖాయమైపోతుంది.

ప్రశ్న: స్ట్రీమింగ్ ఉండగా డిస్కులు కొనడం దండగ కాదా?

జవాబు: మళ్లీ మళ్లీ చూసేవాటికి దండగ కాదు. హక్కుల గడువు తీరితే షో యాప్‌లోంచి వెళ్లిపోతుంది, మీ అలమారాలోంచి వెళ్లదు.

ప్రశ్న: మా నాన్నగారు టీవీలోంచి రికార్డు చేసుకున్న కామెడీ షోల వీహెచ్‌ఎస్ టేపులు ఒక పెట్టెడు ఉన్నాయి. ఒకట్రెండింటి మీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తోంది. పారేయమంటున్నారు ఇంట్లో.
– ఒక గృహిణి

జవాబు: దయచేసి పారేయకండి. పాటల హక్కుల పేచీలవల్లో, కొనేవాళ్లుండరనో కొన్ని షోలు డిస్కుగా రానే లేదు. వాటికి ఇలాంటి ఇంటి టేపులే దిక్కు. ఆ తెల్లటిది బూజు కావచ్చు. ఆ టేపుల్ని విడిగా కవర్లో పెట్టండి, వీసీఆర్‌లో మాత్రం వెయ్యొద్దు. బూజు అందులో టేపుని చదివే హెడ్డుకి అంటుకుని మిగతా టేపులకీ పాకుతుంది. వాటిని శుభ్రం చేసే పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా ముందుకి తిప్పి, వెనక్కి చుట్టి, ఆ తర్వాత వీసీఆర్ బొమ్మనీ ధ్వనినీ కంప్యూటర్ ఫైలుగా మార్చే క్యాప్చర్ పరికరంతో కంప్యూటర్లోకి ఎక్కించండి. కొత్త వీసీఆర్‌ల తయారీ 2016 జులైలో ఆగిపోయింది, కాబట్టి పనిచేసే మిషను దొరికినప్పుడే మొదలుపెట్టండి. ఎక్కించేటప్పుడు మధ్యలో వచ్చే ప్రకటనలు కోసెయ్యకండి. ఆ షో ఎప్పుడు ప్రసారమైందో తేల్చుకోవడానికి చాలాసార్లు అవే ఆధారం. పెట్టెల మీద నాన్నగారు రాసుకున్న అక్షరాల్ని కూడా ఫొటో తీసి అదే ఫోల్డర్లో ఉంచండి.