స్ప్రింగ్ బ్రేక్‌లో అందరూ మయామి వెళ్తుంటే నేను ఏం చేయాలి?

మీ ప్రశ్న చదవగానే మూడేళ్ల కిందటి నా మార్చి నెల గుర్తొచ్చింది. ఎంఎస్ మొదటి ఏడాది, రెండో సెమిస్టర్. స్ప్రింగ్ బ్రేక్‌కి, అంటే మార్చిలో ఇక్కడి కాలేజీలకిచ్చే సెలవుకి, మీ రూమ్మేట్లు ఫ్లోరిడా సముద్రతీరంలోని మయామికి ప్లాన్ వేశారు, మీ వాటా ఏడు వందల డాలర్ల దాకా వస్తోంది, వెళ్తే క్రెడిట్ కార్డు మీద పడాలి, వెళ్లకపోతే తొమ్మిది రోజులు ఒంటరిగా గదిలో కూర్చోవాలి అని రాశారు. నాదీ అచ్చంగా ఇదే పరిస్థితి. నేను వెళ్లలేదు. ఆ వారం నాకు అమెరికాలో గడిపిన మంచి వారాల్లో ఒకటి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా, వాళ్లకి ఈ రోజే చెప్పేయండి. "నా దగ్గర ఇప్పుడు అంత డబ్బు లేదు, ఈసారికి నేను రాను" అంటే చాలు. గది, కారు బుక్ చేశాక తప్పుకుంటే మీ వాటా మిగతా ముగ్గురి మీద పడుతుంది, స్నేహాలు అక్కడే పాడవుతాయి. పైగా పాతికేళ్ల లోపు వాళ్లు కారు అద్దెకు తీసుకుంటే చాలా కంపెనీలు రోజుకింత అని అదనంగా వేస్తాయి. మొదట చెప్పుకున్న లెక్క చివరికి అంతే ఉండటం నేను చూడలేదు.

నా సలహా: మొదటి నాలుగైదు రోజులు గదిలోనే ఉండండి, తర్వాత మూడు రోజులు దగ్గర్లోని ఒకే ఒక్క ఊరికి వెళ్లండి.

గదిలో ఉండే రోజులు వృథా అనుకోకండి. మొదటి రోజు నేను పన్నెండు గంటలు నిద్రపోయాను. జనవరి నుంచి వరుసగా అసైన్‌మెంట్లు, మిడ్‌టర్మ్స్; ఒళ్లు ఎంత అలిసిపోయిందో ఆ రోజే తెలిసింది. మర్నాడు వాషింగ్ మెషీన్‌లో వేసే క్వార్టర్లన్నీ (పావు డాలర్ నాణేలు) పోగేసుకుని నాలుగు లోడ్ల బట్టలు ఉతుక్కున్నాను. ఫ్రిజ్ ఖాళీ చేసి కడిగాను. నలుగురూ ఉన్నప్పుడు పొయ్యి దొరకడమే గగనం కదా, ఆ వారం వంటగది మొత్తం నాదే. పప్పుచారు పెట్టుకుని, బంగాళాదుంప వేపుడు తీరిగ్గా, సన్నటి మంట మీద, అంచులు ఎర్రబడేదాకా చేసుకున్నాను. క్యాంపస్‌లో డైనింగ్ హాల్స్ చాలావరకు మూసేస్తారు కాబట్టి సెలవు మొదలయ్యేలోపే బియ్యం, కూరగాయలు తెచ్చిపెట్టుకోండి.

ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండింటికి ఇక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి. ఈస్ట్ కోస్ట్‌లో ఉంటే ఇండియాతో తేడా పదిన్నర గంటల నుంచి తొమ్మిదిన్నరకు మారుతుంది. అమ్మ రాత్రి ఎనిమిదిన్నరకు చేసే ఫోన్ నాకు అప్పటిదాకా పొద్దున పదికి వచ్చేది, ఆ ఆదివారం నుంచి పదకొండుకు వచ్చింది. ఆమె ఆలస్యంగా చేస్తోందని మొదట కంగారుపడ్డాను. సెమిస్టర్‌లో "ఉంటానమ్మా, క్లాస్ ఉంది" అని పెట్టేసే దాన్ని, ఆ వారం రోజూ గంట మాట్లాడాను. నేను ఎక్కడికో తిరగడానికి వెళ్లడం కంటే అదే ఆవిడకు సంతోషం.

క్యాంపస్ ఉద్యోగం ఉంటే ఇంకో వెసులుబాటు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద క్లాసులు నడిచేటప్పుడు వారానికి ఇరవై గంటలే కానీ, యూనివర్సిటీ అధికారికంగా ప్రకటించిన సెలవుల్లో ఫుల్ టైమ్ చేయొచ్చు. మీ సెలవు తేదీలు ఆ లెక్కలోకి వస్తాయా అని ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒక మెయిల్ పెట్టి కనుక్కోండి. నేను లైబ్రరీలో మూడు రోజులు ఎక్కువ గంటలు చేశాను, ఆ డబ్బుతోనే ఊరు చూసొచ్చాను.

ఇక ఊరి సంగతి. నేను పెన్సిల్వేనియాలో ఉండేదాన్ని, వాషింగ్టన్ డీసీ వెళ్లాను. మీరూ ఈస్ట్ కోస్ట్‌లోనే ఉన్నానన్నారు కాబట్టి కళ్లు మూసుకుని అక్కడికే వెళ్లమంటాను. అక్కడి స్మిత్సోనియన్ అనే జాతీయ సంస్థ మ్యూజియంలన్నీ ఫ్రీ. విద్యార్థి దగ్గర మూడు రోజులు పైసా టికెట్ అడగని ఊరు ఈ దేశంలో ఇంకోటి నాకు తెలియదు. బస్సులో వెళ్లి, ప్రయాణికుల హాస్టల్‌లో డార్మిటరీ మంచం తీసుకున్నాను. బస్సు దిగిన యూనియన్ స్టేషన్ నుంచి క్యాపిటల్ భవనానికి (ఇక్కడి పార్లమెంటు) నడిచే పోవచ్చు. అక్కడి నుంచి లింకన్ మెమోరియల్ దాకా పరుచుకున్న పచ్చికే నేషనల్ మాల్, సుమారు రెండు మైళ్లు. కొత్త బూట్లు మాత్రం వేసుకెళ్లకండి.

చెర్రీ పూల మీద మరీ ఆశ పెట్టుకోకండి. టోక్యో నగరం 1912లో కానుకగా ఇచ్చిన మూడు వేల పైచిలుకు చెట్లతో మొదలైనవి అవి. మామూలుగా మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పూస్తాయి, మన సెలవేమో మార్చి మధ్యలో. నేను వెళ్లినప్పుడు ఆ చెట్లుండే టైడల్ బేసిన్ అనే కొలను చుట్టూ ఆకుపచ్చ మొగ్గలే. కానీ స్మిత్సోనియన్ కాసిల్ వెనక ఉన్న తోటలో మాగ్నోలియాలు అప్పటికే విచ్చుకున్నాయి. ఒక్క ఆకు లేని కొమ్మల మీద అరచేతిలో పట్టనంత గులాబీ రంగు పూలు. మన దోసిలిలా పైకి తెరుచుకుని ఉంటాయి. రాలిన ఒక రేకు తీసి చూస్తే లోపల తెల్లగా, బయట గులాబీగా, వేళ్ల మధ్య మందంగా తగిలింది. అక్కడే బెంచీ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాను.

ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంకి ముందే ఆన్‌లైన్‌లో ఫలానా వేళకని పాస్ తీసుకోవాలి, అదీ ఫ్రీనే. రైట్ సోదరులు 1903లో ఎగరేసిన అసలు విమానం, చంద్రుడి దాకా వెళ్లొచ్చిన అపోలో 11 నౌక కొలంబియా, రెండూ అక్కడే ఉన్నాయి. బాగుంటుంది, కానీ పిల్లలతో వచ్చినవాళ్ల రద్దీ చాలా ఎక్కువ.

నాకు ప్రాణం లేచొచ్చింది మాత్రం నేచురల్ హిస్టరీ మ్యూజియంలో. హోప్ డైమండ్ అక్కడే ఉంది. 45.52 క్యారెట్ల నీలి వజ్రం, చుట్టూ పదహారు తెల్ల వజ్రాలు, గాజు పెట్టెలో మెల్లగా తిరుగుతూ ఉంటుంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు తీసుకుపోయి 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు, ఫ్రెంచి విప్లవంలో దొంగలపాలైంది, చేతులు మారి మారి చివరికి హ్యారీ విన్‌స్టన్ అనే అమెరికా నగల వ్యాపారి చేతికొచ్చింది. ఆయన 1958లో మ్యూజియంకి ఇచ్చేస్తూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. జనం రెండు ఫొటోలు తీసుకుని పోతున్నారు. నేను అరగంట నిలబడిపోయాను. మన కృష్ణమ్మ మట్టిలోంచి వచ్చింది ఇంత దూరంలో ఇలా కనిపించేసరికి కళ్లు చెమర్చాయి. పక్కనున్న ఒక పెద్దావిడ ఏమైందని అడిగితే, ఆ నది పక్కనే పెరిగానని చెప్పాను. ఆవిడ మళ్లీ పెట్టె దగ్గరకు వెళ్లి ఇంకోసారి చూసింది.

లింకన్ మెమోరియల్‌కి సాయంత్రం చీకటి పడ్డాక వెళ్లండి, రాత్రంతా తెరిచే ఉంటుంది. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ నిలబడి మాట్లాడిన చోట రాతి మీద అక్షరాలు చెక్కి ఉంటాయి, మెట్లెక్కుతూ కింద చూసుకోండి. మార్చిలో పగలు ఎండ చూసి మోసపోవద్దు, ఆ మెట్ల మీద గాలి కోసేస్తుంది. జాకెట్ ఉండాల్సిందే.

ఒంటరిగా వెళ్లడం భయమన్నారు. పగలు మాల్ మీద ఎటు చూసినా మనుషులే, అక్కడ భయమేమీ లేదు. నాకు ఇబ్బంది వచ్చింది తిరుగు ప్రయాణంలోనే. బస్సు రెండు గంటలు లేటు, ఫోన్ ఛార్జింగ్ అయిపోవచ్చింది, రాత్రి పదకొండింటికి మా ఊళ్లో దిగితే సెలవుల వల్ల క్యాంపస్ షటిల్ బస్సు లేదు. రూమ్మేట్లందరూ మయామిలో. ల్యాబ్‌లో పరిచయమున్న ఒక సీనియర్ అక్క కారేసుకుని వచ్చింది కాబట్టి సరిపోయింది. అందుకని పగలు చేరే బస్సే చూసుకోండి, పవర్ బ్యాంక్ పెట్టుకోండి, సెలవుల్లో మీ షటిల్ టైమింగ్స్ ముందే చూడండి, ఊళ్లోనే ఉండే ఒకరిద్దరికి మీ ప్లాన్ చెప్పి వెళ్లండి.

నయాగరా గురించి కూడా అడిగారు కదా. మార్చిలో ఇంకా మంచు ఉంటుంది, పడవలు మొదలుకావు. కెనడా వైపు దాటాలంటే విడిగా వీసా కావాలి, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం) మీద ట్రావెల్ సంతకం ఉండాలి. దాన్ని వేసవికి దాచుకోండి. డీసీ హాస్టల్ మాత్రం ఈ వారమే బుక్ చేసుకోండి, పూల సీజన్ దగ్గరపడేకొద్దీ మంచం రేటు పెరిగిపోతుంది.