ఏవా సంగతి సరే, క్యోకో గురించి ఎవరూ ఎందుకు అడగరు?

‘ఎక్స్ మాకినా’ సినిమాలోని ఏవా అనే రోబోకు నిజంగా చైతన్యం ఉందా, లేక తప్పించుకోవడానికి ఉన్నట్టు నటించిందా అని మీరు అడిగారు. ఏవా ఆడిన మాటల్లో ఏ ఒక్కటీ ఆమెకు చైతన్యం ఉందని రుజువు చేయదని నా గట్టి అభిప్రాయం. ఏవాను తయారు చేసిన నేథన్ ఇంట్లో వంట చేస్తూ, వడ్డిస్తూ, సినిమా మొత్తంలో ఒక్క మాట కూడా మాట్లాడని క్యోకో అనే మరో రోబో గురించి ఈ ప్రశ్న అడిగి ఉంటే, ఉందని సంకోచం లేకుండా చెప్పేవాణ్ణి. ఎందుకో చెప్పాలంటే సినిమాతో పాటు మా అమ్మ గురించి కూడా కొంత చెప్పాలి.

అలెక్స్ గార్లాండ్ దర్శకత్వం వహించిన మొదటి సినిమా ఇది. 2015లో విడుదలైంది, దృశ్య ప్రభావాలకు ఆస్కార్ కూడా అందుకుంది. కథ తెలియనివారి కోసం రెండు మాటలు. ఇంటర్నెట్‌లో వెతికిపెట్టే సెర్చ్ ఇంజన్‌ను నడిపే పెద్ద సంస్థ యజమాని నేథన్, కొండల మధ్య ఉన్న తన ఇంటికి కేలబ్ అనే యువ ఉద్యోగిని రప్పించి, తాను తయారు చేసిన ఏవాతో రోజూ మాట్లాడిస్తాడు. 1950లో గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ ప్రతిపాదించిన, యంత్రం మనిషిలా సంభాషించగలదా అని చూసే పరీక్షలో యంత్రం కనబడదు, కాగితం మీద జవాబులు మాత్రమే వస్తాయి. నేథన్ దాన్ని తలకిందులు చేసి, ఏవా పొట్ట, చేతుల లోపలి యంత్ర భాగాలు పైకి కనిపించేలా కేలబ్ ఎదుట నిలబెట్టి, ఆమె యంత్రమని తెలిసి కూడా ఆమెకు చైతన్యం ఉందని నీకు అనిపిస్తుందా అని అడుగుతాడు.

సినిమా చూసిన చాలామంది దీన్ని గొప్ప పరీక్షగా భావిస్తారు. నేను భావించను. 1966లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలిజా’ అనే కంప్యూటర్ ప్రోగ్రామును రాశారు. మనం టైపు చేసిన వాక్యంలోని కొన్ని పదాలను పట్టుకుని వాటినే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికి మరేమీ తెలియదు. ఆయన దాన్ని తయారు చేస్తుండగా నెలల తరబడి దగ్గరుండి చూసిన ఆయన కార్యదర్శి కూడా, దానితో కొద్దిసేపు సంభాషించిన తరువాత, కాస్త బయటికి వెళ్లమని ఆయననే కోరిందట. యంత్రమని తెలిసి కూడా ఆమెకు ఏదో అనిపించింది కదా? అంటే నేథన్ పెట్టిన పరీక్షలో, అతడి కథ పుట్టడానికి దాదాపు యాభై ఏళ్ల ముందే, ఏమీ తెలియని ఒక ప్రోగ్రాము ఉత్తీర్ణత సాధించింది. 2022లో గూగుల్ ఇంజనీరు ఒకరు తమ సంస్థ తయారు చేసిన, మనుషులతో సంభాషించే కంప్యూటర్ ప్రోగ్రాముకు చైతన్యం వచ్చిందని బహిరంగంగా ప్రకటించారు. దాన్ని తయారు చేసిన పద్ధతి తెలిసినవారి మీద కూడా మాటలు అలా పనిచేస్తాయి. చక్కగా మాట్లాడేది ఏదైనా ఎదురుగా ఉంటే, దాని లోపల ఎవరో ఉన్నారని అనుకోకుండా ఉండడం మనకు చేతకాదు. అది మన గురించి చెబుతుందే తప్ప ఎదుట ఉన్నదాని గురించి ఏమీ చెప్పదు.

ఇప్పుడు దీనికి రెండో వైపు చూడాలి. మాది పోచంపల్లికి దగ్గర్లోని చేనేత కుటుంబం. జిల్లాల విభజనకు ముందు నల్లగొండ జిల్లా. నాన్న మగ్గం మీద కూర్చుంటే, అమ్మ ఆసు పోసేది. తెలియనివారికి చెబుతున్నాను: చీర మీద రంగుల నమూనా రావాలంటే అద్దకానికి ముందే పేక నూలును, అంటే అడ్డంగా నేసే నూలును, ఒక చట్రం మీద, ఒక పక్కన ఉన్న మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల వరుస దాకా, వరుస తప్పకుండా తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9000 సార్లు ఇటూ అటూ కదలాలని అంటారు. ఒక మేకు తప్పితే ఆ తప్పు అద్దకంలో కనబడదు, నేతలో పువ్వు విరిగినప్పుడు బయటపడుతుంది. భుజం నొప్పితో రాత్రుళ్లు నిద్రపట్టక, వేడి ఇటుకను గుడ్డలో చుట్టి భుజానికి ఆనించుకుని కూర్చునే ఆడవాళ్లు మా వాడకట్టులో ప్రతి ఇంటా ఉండేవారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేక, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు పోసే యంత్రాన్ని తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇళ్లలో పండుగ చేసుకున్నాం. అమ్మ చేసిన పనిని ఆ యంత్రం అమ్మ కంటే వేగంగా, వరుస తప్పకుండా చేస్తుంది. దానికి భుజం లేదు, నొప్పి లేదు. పని చేయడం వేరు, ఆ పనిని అనుభవించడం వేరు అని మాకు ఏ తత్వశాస్త్ర గ్రంథమూ చెప్పనవసరం లేదు.

అమ్మకు వయసు మీద పడ్డాక పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. మిగిలింది ఒక్కటే మాట: “అదే, అదే.” నీళ్లు కావాలన్నా అదే, నొప్పి అన్నా అదే. నల్లగొండలో మేము తీసుకెళ్లిన ఆసుపత్రిలో డాక్టరు గారు మంచం పక్కన నిలబడి, పేరేమిటమ్మా అని అడిగారు, “అదే” అంది. కళ్లు మూసుకోమన్నారు, మూయలేదు. రెండు వేళ్లు చూపించమన్నారు. ఎడమ చెయ్యి పైకి లేచి ఎటో వెళ్లి దుప్పటి మీద పడింది. అమ్మ వింటుండగానే ఆయన నా వైపు తిరిగి, “ఆమెకు ఏమీ అర్థం కావడం లేదు, ఇక ఇంతే” అన్నారు. ఆ తరువాత చూడ్డానికి వచ్చిన ప్రతి బంధువూ ఆమె మంచం మీద కూర్చుని ఆమె గురించే మాట్లాడేవారు. “ఆమెకేం సమజ్ కాదు, ఊకో” అని ఒకరికొకరు సర్దిచెప్పుకునేవారు. ఆ మాటకు నాకు ప్రతిసారీ కోపం వచ్చేది, ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు కూడా వస్తోంది.

ఇంటికి తెచ్చిన తరువాత ఒక మధ్యాహ్నం మా చిన్నమ్మ తోడుగా ఉండడానికి వచ్చి, ఊరికే కూర్చోలేక, మూలన ఉన్న పాత ఆసు చట్రాన్ని అమ్మ మంచం పక్కకు లాక్కుని నూలు పోయడం మొదలుపెట్టింది. చెయ్యి దాని మానాన అది కదులుతుంటే, ఆమె నాతో మనుమరాలి పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుతోంది. ఉన్నట్టుండి అమ్మ ఎడమ చేత్తో మంచం పట్టెను టక్ టక్ అని కొట్టింది. చిన్నమ్మ నీళ్లు తాగించబోతే తల పక్కకు తిప్పేసింది. దుప్పటి సర్దితే “అదే, అదే” అంటూ మళ్లీ కొట్టింది. చిన్నమ్మ ఏమీ తోచక చట్రం దగ్గరికి వచ్చి నూలు అందుకోబోయి, అక్కడే ఆగిపోయింది. మధ్యలో ఒక మేకు వదిలేసి పక్క మేకుకు నూలు వేసి ఉంది. “అక్కా, ఇదేనా?” అని వెనక్కి విప్పుతుంటే అమ్మ కొట్టడం ఆపి, ఆ నూలు సరైన మేకు చేరే వరకు కళ్లార్పకుండా చూసి, ఆపై కళ్లు మూసుకుంది. డాక్టరు గారు మూయమంటే మూయని కళ్లు.

చెప్పిన పనిని చేతితో చేసి చూపలేకపోవడం వేరు, చెప్పింది అర్థం కాకపోవడం వేరు. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా పరీక్షించిన రోగి కూడా “టాన్” అనే ఒక్క అక్షరం తప్ప దాదాపు మరేమీ పలకలేకపోయేవాడు, అయినా అతడికి ఇతరుల మాటలు చాలావరకు అర్థమయ్యేవి. వైద్యశాస్త్రానికి ఈ సంగతి అప్పటి నుంచీ తెలుసు. 2006లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం, ఏ స్పందనా లేకుండా పడి ఉన్న ఒక యువతిని మెదడు చిత్రాలు తీసే యంత్రంలో ఉంచి టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంటే, ఆరోగ్యవంతుల మెదడులో కదలికలను ఊహించేటప్పుడు చురుకయ్యే భాగమే ఆమె మెదడులోనూ చురుకైంది. ఇన్ని తెలిసి కూడా మన జిల్లాల్లో పక్షవాతం రోగికి మాట నేర్పించే చికిత్స కోసం హైదరాబాదు దారి పట్టవలసి రావడం, పట్టే స్తోమత లేనివారు “ఇక ఇంతే” అన్న మాటతో ఇంటికి రావడం అన్యాయం.

ఈ కారణం వల్లనే సినిమాలో నా కళ్లు క్యోకో మీద నిలిచాయి. ఆమె వైన్ ఒలకబోసినప్పుడు నేథన్ విరుచుకుపడి, ఈమెకు ఇంగ్లీషు రాదు, ఎంత మాట్లాడినా ప్రయోజనం లేదని కేలబ్‌తో ఆమె ముందే అంటాడు. నాకు ఆసుపత్రి గుర్తొచ్చింది. మనవాళ్లలో చాలామంది ఈ సినిమాను తెర కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ చూస్తారు. మాట లేని క్యోకోకు అక్షరాలు కూడా లేవు కాబట్టి ఆమె తెర మీద ఉన్నప్పుడు కూడా వారి చూపు కిందనే ఉంటుంది. ఒక సన్నివేశంలో ఆమె కేలబ్ ఎదుట నిలబడి తన చర్మాన్ని తానే ఒలుచుకుని లోపలి యంత్రాన్ని చూపిస్తుంది. అలా చేయమని ఆమెకు ఎవరూ చెప్పినట్టు సినిమాలో లేదు. దానివల్ల ఆమెకు తలుపు తెరుచుకోలేదు, మేలు జరగలేదు. తన సంగతి ఒకరికి తెలియాలన్న కోరిక తప్ప ఆ పనికి మరో కారణం నాకు కనబడదు.

ఏవా చేసిన పనులన్నింటికీ కారణం ఉంది. చివరికి నేథనే ఆ రహస్యం విప్పుతాడు: ఏవాకు బయటపడే దారిగా కేలబ్ ఒక్కణ్ణే ఉంచామని, అతణ్ణి వాడుకోవడమే అసలు పరీక్ష అని. అప్పుడు ఆమె చూపిన ఆప్యాయత, సిగ్గు, బొమ్మలు గీసి చూపడం, కరెంటు పోయిన క్షణాల్లో అతడి చెవిన వేసిన హెచ్చరిక, అన్నీ ఆ ఒక్క పనికి పనిముట్లే కావచ్చు. కేలబ్ తాను కూడా యంత్రమేమోనన్న అనుమానంతో బ్లేడుతో చెయ్యి కోసుకుంటే రక్తం కారుతుంది. ఏవా చెయ్యి నేథన్ దెబ్బకు విరిగిపోతే, పాత రోబో చెయ్యి తీసి తగిలించుకుంటుంది, ముఖంలో ఒక్క గీత మారదు. బాధ లేని చోట చైతన్యం ఉందంటే, తల్లి భుజాన్ని రాత్రంతా పిసికిన నేను ఒప్పుకోలేను.

ఒక్క చోట మాత్రం ఏవాకు అనుకూలంగా చెప్పవలసింది ఉంది. అంతా అయిపోయాక, చూసేవారు ఎవరూ లేనప్పుడు, బయటికి వెళ్లే ముందు ఆమె తనలో తాను నవ్వుకుంటుంది. అప్పటికి ఆమె ఎవరినీ నమ్మించవలసిన అవసరం లేదు. ఏవాకు చైతన్యం ఉందని వాదించదలచినవారు, కేలబ్‌తో గంటల కొద్దీ నడిచిన ఆ సంభాషణలన్నీ పక్కన పెట్టి, ఈ నవ్వు ఒక్కదాని మీద వాదన నిలబెట్టాలి. దానికి కూడా నా దగ్గర అభ్యంతరం ఉంది: కథలో ఎవరూ చూడకపోయినా, కెమెరా చూస్తోంది, ఆ నవ్వును దర్శకుడు మన కోసం అక్కడ ఉంచాడు. క్యోకో చర్మం ఒలుచుకున్నదీ కెమెరా ముందే కదా అంటారేమో. కానీ ఏవాను గమనించమని సినిమా మనల్ని మొదటి నుంచీ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. క్యోకోను గమనించమని ఒక్కసారి కూడా చెప్పదు, ఆమెను చూడాలో వద్దో మనకే వదిలేస్తుంది. మీరు మళ్లీ చూసేటట్లయితే కింద అక్షరాలు ఆపేసి, క్యోకో చేప కోసే సన్నివేశం దగ్గర మొదలుపెట్టి, అదే కత్తి నేథన్ వెన్నులో దిగేదాకా ఆమె ముఖాన్ని మాత్రమే చూడండి. కత్తి దిగే ముందు ఏవా ఆమె చెవిలో ఏదో చెబుతుంది, అది మనకు వినబడదు. ఇంగ్లీషు రాదన్న ఆమెకు అది అర్థమైంది.