సౌత్ ఐలాండ్‌లో మొదటి మోటర్‌హోమ్ ప్రయాణం: మిక్సీ ఇంట్లోనే వదిలేసి రండి

న్యూజిలాండ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. “అన్నా, అమ్మావాళ్లు వస్తున్నారు, మోటర్‌హోమ్ తీసుకుని సౌత్ ఐలాండ్ తిరిగితే హోటల్ ఖర్చు మిగులుతుంది కదా?”

మిగలదు. ముందే చెప్పేస్తున్నా. మంచాలు, స్టవ్, టాయిలెట్ లోపలే ఉండే ఈ బళ్ల అద్దెలు క్రిస్మస్ నుంచి జనవరి చివరి దాకా మండిపోతాయి. దానికి తోడు డీజిల్, రాత్రి పెట్టుకునే చోటుకి డబ్బులు, పైగా డీజిల్ బళ్లకి ఇక్కడ కిలోమీటర్ల లెక్కన రోడ్డు ఛార్జీ. ఈ చివరిది బుకింగ్ ధరలో చాలాసార్లు కనపడదు, బండి తిరిగి ఇచ్చేటప్పుడు మీటర్ చూసి వేస్తారు. మరెందుకు తీసుకోవాలంటే, షుగర్ ఉన్న నాన్నకి టైముకి అన్నం పెట్టొచ్చు, మోకాళ్ల నొప్పుల అమ్మ కోసం రోజుకో హోటల్లో సూట్‌కేసులు దింపి ఎక్కించక్కర్లేదు, చెరువుగట్టున ఆపి టీ పెట్టుకోవచ్చు. దానికోసమైతే సరే. వీలుంటే మార్చి, ఏప్రిల్‌లో వెళ్లండి, జనం తగ్గుతారు.

నడపడం గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మనలాగే ఎడమవైపు ప్రయాణం, స్టీరింగ్ కుడివైపు, ఆరు టన్నుల లోపు బండికి మామూలు కారు లైసెన్సే చాలు. ఇబ్బందల్లా ఆ ఎత్తు, వెడల్పు మన తలకెక్కడానికి ఒక రోజు పట్టడం. బండి ఎత్తు మీటర్లలో చీటీ మీద రాసి అద్దం పక్కన అంటించుకోండి, ఎందుకంటే పైకప్పు దేనికైనా గీసుకుంటే చాలా ఇన్సూరెన్సుల్లో పూర్తి కవర్ ఉండదు. మూడున్నర టన్నులు దాటిన బండైతే హైవే మీద 90 దాటకూడదు. వెనక నాలుగు కార్లు చేరాయంటే సిగ్నల్ వేసి పక్కకి తీసి వాళ్లని పోనివ్వాలి, ఇక్కడ అది మర్యాద. ఒంటిదారి వంతెనలు చాలా వస్తాయి. బోర్డు మీద మన వైపు బాణం చిన్నదిగా ఎర్రగా ఉంటే మనం ఆగాలి, పెద్దదిగా తెల్లగా ఉంటే దారి మనది. అయినా ఎదుటివాడు ఆగాడో లేదో చూసుకునే ఎక్కండి. మ్యాప్ మూడు గంటలంటే నేను నాలుగున్నర అనుకుంటాను. బండి కదులుతుంటే ఎవరూ వెనక మంచమ్మీద పడుకోకూడదు, అందరికీ బెల్టు సీటు ఉండాలి, ఏడేళ్ల లోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి. “కాసేపు నడుం వాల్చనా” అని నాన్న అడిగితే ఆపి పడుకోబెట్టండి.

ఇప్పుడు మిక్సీ సంగతి. మొదటిసారి మా ఆవిడ కొబ్బరి పచ్చడి కోసమని మిక్సీ, రైస్ కుక్కర్ రెండూ సర్దింది. మోటర్‌హోమ్‌లో రెండు రకాల కరెంటు ఉంటుంది. లైట్లు, నీళ్ల పంపు లాంటివి లోపలి బ్యాటరీ మీద నడుస్తాయి. గోడ ప్లగ్గులు మాత్రం హాలిడే పార్కులో (డబ్బులు కట్టి రాత్రికి బండి ఆపుకునే చోటు) పవర్ సైట్, అంటే కరెంటు స్తంభం ఉన్న జాగా, తీసుకుని బండిని నీలం కేబుల్‌తో స్తంభానికి కలిపితేనే పనిచేస్తాయి. సరస్సు పక్కన ఆపి మిక్సీ స్విచ్ నొక్కితే ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. ఆ రోజు మేం కందిపొడి, నెయ్యి, గోంగూర పచ్చడితో గడిపేశాం, నిజానికి అదే బాగుంది. గ్యాస్ స్టవ్ ఉంటుంది కాబట్టి చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లండి. పోపు, వేపుడు మాత్రం లోపల వద్దు. పొగ అలారం మొత్తుకుంటుంది, సీట్ల గుడ్డకి పట్టిన ఇంగువ వాసన వారమైనా పోదు, కంపెనీవాళ్లు క్లీనింగ్ ఛార్జీ వేస్తారు. హాలిడే పార్కుల్లో అందరికీ ఉమ్మడి వంటిల్లు ఉంటుంది, పోపులన్నీ అక్కడే. బండి కదిలే ముందు గ్యాస్ సిలిండర్ ఆపెయ్యాలి.

ఎవరూ చెప్పని విషయం ఒకటుంది, సిగ్గుపడకుండా చెబుతున్నా. లోపలి టాయిలెట్ కింద సూట్‌కేసులా బయటికి లాగే డబ్బా ఉంటుంది, సుమారు 18 లీటర్లు పడుతుంది. మనవాళ్లకి చెంబుతో నీళ్లు వాడే అలవాటు కదా, నలుగురుంటే ఒక్క రోజులో నిండి ఎర్ర లైటు వెలుగుతుంది. దాన్ని డంప్ స్టేషన్‌కి మోసుకెళ్లి పారబొయ్యాల్సింది ఇంటి కొడుకే, అంటే మీరే. చేతికి తొడుగులు కొనుక్కోండి, పార్కు బాత్‌రూములున్న చోట అవే వాడమనండి. స్నానాలు కూడా అక్కడే కానిచ్చేస్తే బండిలో నీళ్లు రెండు రోజులు వస్తాయి. ఇంకో మాట, నీళ్లు పోసే మూత, డీజిల్ పోసే మూత వేరువేరు. చదివి తెరవండి.

రాత్రి ఎక్కడ పడితే అక్కడ ఆపొచ్చనే మాట పాతది. 2023లో చట్టం మారింది. టాయిలెట్ బండిలోనే బిగించి ఉండాలి, మంచం పరిచినా దాన్ని వాడుకోగలగాలి, అప్పుడే బండికి అలా బయట ఆపుకోడానికి కావాల్సిన ఆకుపచ్చ వారెంట్ (సర్టిఫికెట్) వస్తుంది. అది ఉన్నా కొన్ని చోట్ల ఒప్పుకోరు. ఆపుకునే చోట్లు చూపించే యాప్‌లో ఏం రాసినా అక్కడ పాతిన బోర్డుదే ఆఖరి మాట, జరిమానాలు వందల డాలర్లలో ఉంటాయి. మొదటి రాత్రి మాత్రం బండి తీసుకున్న ఊళ్లోనే పవర్ సైట్‌లో పడుకోండి. ఏ స్విచ్ దేనికో, పక్క ఎలా పరవాలో, అమ్మ డ్రైవర్ తలమీదుండే అటక మంచం ఎక్కగలదో లేదో (ఎక్కలేదు, మీరే ఎక్కుతారు) అక్కడే తేలిపోతుంది.

దారి ఏదంటే, క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపో, పుకాకీ సరస్సుల మీదుగా 3724 మీటర్ల అవోరాకి మౌంట్ కుక్ పాదాల దాకా వెళ్లి రండి. మొదటిసారికి అది చాలు. వారంలో క్వీన్స్‌టౌన్, మిల్ఫర్డ్, వెస్ట్ కోస్ట్ అన్నీ చుట్టేద్దామని మేం వేసుకున్న ప్లాన్‌లో నాన్నగారు చూసిందల్లా కిటికీ. టెకాపోలో రెండు రాత్రులుండండి. అది చీకటి ఆకాశం కోసం కాపాడుతున్న ప్రాంతం. మబ్బు లేకపోతే దుప్పట్లు కప్పుకుని బయట కూర్చోవచ్చు, మా నాన్న అయితే చిన్నప్పుడు డాబా మీద పడుకున్న రోజుల తర్వాత ఇన్ని చుక్కలు ఇప్పుడే చూస్తున్నానన్నారు. పుకాకీ దగ్గర గాలితో జాగ్రత్త. తలుపు తీసేటప్పుడు రెండు చేతులతో పట్టుకోండి, లేకపోతే విసిరికొట్టి మడతబందులు విరుగుతాయి, ఆ బిల్లు మన ఖాతాలోకే.

చివరిగా, కదిలే ముందు ప్రతి అలమారా గొళ్లెం ఒకరు చేత్తో నొక్కి చూడాలి. మేం చూడలేదు. మొదటి రౌండబౌట్‌లోనే పోపుల డబ్బా కిందపడి మూత ఊడింది. జీలకర్ర దొరికినంత ఎత్తాం గానీ, బండి తిప్పి ఇచ్చే రోజున మా ఆవిడ చీపురు పట్టుకుని సీట్ల కింద నుంచి ఇంకా ఆవాలు ఊడుస్తూనే ఉంది.