నార్జి సున్నపురాయా, కోయిలకుంట్ల సున్నపురాయా: రంగు చూసి చెప్పొచ్చా?

చెప్పలేరు. రెండూ కర్నూలు ప్రాంతపు సున్నపురాతి పొరలే. రంగును నమ్ముకుంటే ఫీల్డ్ నోట్‌బుక్కంతా తప్పులే. నార్జిలో బూడిద, నలుపు, నీలం, గులాబీ, లేత పసుపు అన్నీ ఉంటాయి. కోయిలకుంట్ల రాయీ బూడిద, నలుపే. ముక్క చేతిలో పెట్టి అడిగితే ఎవరైనా ఊహించాల్సిందే. చూడాల్సింది దాని కిందా పైనా ఏముందని.

కర్నూలు సమూహంలో (ఒకదానిమీద ఒకటి పేరుకున్న రాతి పొరల వరుస) అన్నిటికన్నా కింద బనగానపల్లె క్వార్ట్‌జైట్ (గట్టిపడ్డ ఇసుకరాయి), వజ్రాల గులకరాతి పొర దాని అడుగునే. దానిమీద 100 నుంచి 200 మీటర్ల నార్జి, ఆపైన 10-15 మీటర్ల అవుకు షేల్ (బంకమట్టి గట్టిపడిన పొరల రాయి), 10-35 మీటర్ల పాణ్యం క్వార్ట్‌జైట్, 15-50 మీటర్ల కోయిలకుంట్ల, చివరికి 50-100 మీటర్ల నంద్యాల షేల్. అంటే రెండు సున్నపురాళ్లను వేరుచేసే గుర్తు పాణ్యమే. అది పైనుంటే నార్జి, కిందుంటే కోయిలకుంట్ల.

పడమటి వైపు పొరలు దాదాపు చదునుగా ఉంటాయి కాబట్టి కొండ ఆకారమే సగం చెప్పేస్తుంది: అడుగున సున్నపురాతి మెట్లు, నడుమ మెత్తటి ఏటవాలు, నెత్తిన నిటారు గోడ. ఆ గోడ పాణ్యం, ఆ ఏటవాలే అవుకు షేల్. చిక్కంతా అక్కడే. పైనుంచి రాలిన పాణ్యం బండలు దాన్ని కప్పేస్తాయి, కొత్తవాళ్లు ఆ బండనే చోటు కదలని అసలు రాయి అనుకుని వాలు కొలిచేస్తారు. పక్కపక్కన నాలుగు బండల వాలూ దిశా కలవకపోతే అవి జారినవే. వాన కోసిన చిన్న వంక వెతికి అందులో తవ్వండి. అవుకు షేల్ అయితే తెల్లగానో పసుపుగానో మట్టిలా రాలుతుంది, సున్నపురాయిలా యాసిడ్ చుక్కకు పొంగదు.

మందం కొలవడానికి ఫోన్ జీపీఎస్ ఎత్తు వద్దు. దాని తేడాయే పది మీటర్లు ఉండొచ్చు, అవుకు మొత్తం అంతే! మీటరున్నర కర్రకు క్లైనోమీటర్ (వాలు కొలిచే పరికరం) కట్టి, పొర వాలుకు సరిచేసి, గురిపెట్టిన చోటికి ఎక్కుతూ లెక్కపెట్టండి. ఎనిమిది కర్రలు అయితే 12 మీటర్లు.

యాసిడ్ సంగతి: గాఢ హైడ్రోక్లోరిక్ ఒక వంతు, మూడు వంతుల నీళ్లలో పోయాలి (నీళ్లను యాసిడ్‌లో కాదు). సుమారు 10 శాతం అవుతుంది. నార్జి బుసబుసమంటుంది. వేంపల్లె డోలమైట్ (మెగ్నీషియం కలిసిన, సున్నపురాయి లాంటి రాయి) గీకి పొడి చేస్తేనే పొంగుతుంది. నంద్యాల షేల్ కింది భాగంలో సున్నం కలిసే ఉంటుంది, కాస్త పొంగగానే సున్నపురాయి అని రాసేయకండి.

పేర్లు ఇంకో గోల. బజారులో "తాడిపత్రి బండ" అని అమ్మేది ఎక్కువగా నార్జి సున్నపురాయే. తాడిపత్రి ఫార్మేషన్ (భూగర్భ శాస్త్రంలో పేరు పెట్టిన రాతి పొర) వేరు, అది షేల్, చిత్రావతి సమూహానిది, చాలా పాతది. "కడప బండ" కూడా చాలావరకు కర్నూలు సమూహానిదే. పైగా 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఊళ్ల పేర్లను ఇంగ్లిషు చెవితో రాసుకున్నాడు. ఆ స్పెల్లింగులే మ్యాపుల్లో నిలిచిపోయి, గువ్వలచెరువు క్వార్ట్‌జైట్ ఇప్పటికీ "గుల్చేరు". అవుకును ఇప్పటికీ రెండు మూడు రకాలుగా రాస్తున్నారు.

పైనున్న పొర కిందదానికన్నా కొత్తదన్న సూత్రం కుందూ లోయ దాటి తూర్పుకు వెళ్తే పనిచేయదు. రుద్రవరం రేఖ (రాళ్లు విరిగి జరిగిన చీలిక) దగ్గర పాత నల్లమల రాళ్లు కర్నూలు రాళ్ల మీదికి ఎక్కి కూర్చున్నాయి. అక్కడ షేల్ పొరల వెంటే కాక పొరలకు అడ్డంగా కూడా పలకల్లా చీలితే అది కంభం ఫార్మేషన్ కావచ్చు, మార్కాపురం పలకలు దానివే. కాకపోతే రేఖకు దగ్గరయ్యేకొద్దీ నంద్యాల షేల్ కూడా నలిగి అలాగే చీలుతుంది. అందుకని అక్కడ ఒక్క చోట చూసి తేల్చకండి, పడమర నుంచి పొరను వదలకుండా నడిచి రండి.