హారం కథ రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. భాష శుభ్రంగా ఉంది. అయితే ఏడో నిజాం అర్ధరాత్రి ఖజానా తెరిపించి, గోల్కొండ వజ్రాల హారాన్ని స్వయంగా ఏరి ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్ పెళ్లికి పంపినట్టు రాశావు చూడు, అక్కడ ఒళ్లు మండి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆయన ఏరనే లేదు. 1947 నవంబరు 20న జరిగిన ఆ పెళ్లికి, లండన్‌లోని కార్టియే నగల దుకాణంలో రాకుమారి తనకు నచ్చినది తీసుకోవచ్చని కబురు పంపించాడు. ఆమె ఒక వజ్రాల టియారానూ, అంటే తలకు పెట్టుకునే చిన్న కిరీటం లాంటి నగనూ, ఒక హారాన్నీ ఎంచుకుంది. పెళ్లయిన తొమ్మిది రోజులకు భారత ప్రభుత్వంతో సంబంధాలు అప్పటిదాకా ఉన్నట్టే కొనసాగేలా యథాతథ ఒప్పందం చేసుకోబోతున్న ప్రభువు, ఏం కావాలో నువ్వే తీసుకో అన్నాడంటే అందులో ఎంత కథ ఉంది! దాన్ని వదిలేసి ఖజానా తలుపులు కిర్రుమనిపించావు.

కానుక కథ ఇచ్చిన రోజున కాదు, పుచ్చుకున్న మర్నాడు మొదలవుతుందని నా మొండి నమ్మకం. అదే పెళ్లికి గాంధీజీ తాను వడికిన నూలుతో అల్లించిన లేసు గుడ్డ పంపాడు. దాని నడుమ 'జై హింద్' అన్న అక్షరాలున్నాయి. పెళ్లికూతురి నాయనమ్మ మేరీ రాణి దాన్ని చూసి, ఆయన కట్టుకునే కొల్లాయి అనుకుని చిరాకుపడిందట. నిజాం టియారాను 1973లో విప్పించి, ఆ వజ్రాలను బర్మా ప్రజలు పెళ్లికి పంపిన 96 కెంపులతో కలిపి మరో టియారా చేయించారు. నీ కథ హారం పెట్టె మూత పడగానే ముగిసింది.

ఇది నీ ఒక్కడి తప్పు కాదు. సంస్థానాల కానుకల మీద నేను కుర్రతనంలో రాసిన వ్యాసంలో ఒక వారపత్రిక సంపాదకుడు, నన్ను అడగకుండానే ప్రతి వజ్రం ముందూ గోల్కొండ పేరు తగిలించి, ఆ నగలు తర్వాత ఏమయ్యాయో చెప్పిన పేరాలన్నీ కొట్టేశాడు. పారితోషికం కోసం ఆయన గుమ్మం ముందు పడిగాపులు పడే రోజులు కనుక నోరు మెదపలేకపోయాను. నగ ఎన్ని కోట్లో చెబితే పాఠకుడు నోరు వెళ్లబెడతాడన్న ఆ జబ్బు ఇప్పుడు చారిత్రక కథలన్నిటికీ అంటుకుంది.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఖజానా సన్నివేశం మొత్తం తీసెయ్. ఆ పెళ్లికి వచ్చిన కానుకలు 2,500 పైచిలుకు. అప్పటికి ఇంగ్లండులో బట్టలకు రేషన్ ఉండటంతో, పెళ్లికూతురి గౌనుకు గుడ్డ చాలదేమోనని ఎందరో ఆడవాళ్లు తమ కూపన్లు పంపారు. ఒకరి కూపన్లు మరొకరికి ఇవ్వడం చట్టవిరుద్ధం కనుక అవన్నీ తిరిగి పంపేశారు. ఆ కూపన్లను కవర్లలో పెట్టి చిరునామాలు రాసిన గుమాస్తా ఎవరో ఉండే ఉంటారు. నిజామును పక్కన పెట్టి, ఆ గుమాస్తా వైపు నుంచి నాలుగు పేజీలు రాసి పంపు, చూస్తాను.